మావక్క కోసేసిన చీకటి

గడ్డం సార్ జవాబు రాశాడు.

మొన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోను ఒకసారి వణికి ఊరుకుంది. ఎడమచేత్తో తీసి చూస్తే, మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం వచ్చిందని ఉంది. నేనెవర్నీ ఏమీ అడగలేదే అనుకుంటూ నొక్కాను. అడిగింది నేను కాదు, మావక్క. నా ఫోనులోంచి, నా పేరు మీద, నా ఇంగ్లీషులో ఆమె అడిగిన ప్రశ్న అది. ఆమె పోయి నెలలు గడిచాక జవాబొచ్చింది. కంచం ముందు చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాను.

ఏం రాశాడో తర్వాత చెబుతాను. ఎవరికి రాశాడో ఆయనకే తెలియదు పాపం. అది ముందు చెప్పాలి.

మాది అంబత్తూరు ఎస్టేట్ వెనక వీధి. ఇడ్లీపిండిని ఈ తమిళ ఊళ్ళో మావు అంటారు. పొద్దునా సాయంత్రం స్టీలు గుండిగలో మావు తెచ్చి ఇంటింటికీ పోసేది కాబట్టి ఆమె వీధందరికీ మావక్క. అసలు పేరు ఒకటుంది. ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమే పలికేది కాదు, ఇక్కడ రాసి ఏం లాభం. పొట్టి మనిషి. వీధి మలుపులో ముందు గుండిగ కనిపించేది, తర్వాతే ఆమె. ఎన్ని తరాల కిందటో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. నేను తెనాలి నుంచి వచ్చినదాన్ని. నా మాట వింటే ఆమెకు నవ్వు. "నువ్వు మాట్లాడతా ఉంటే రేడియో పెట్టినట్టుండాది అమ్మణ్ణీ" అనేది.

నేను తమిళ సీరియళ్ళకు తెలుగు మాటలు రాసి బతుకుతాను. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చుని, తెర మీది అత్తగారి పెదవులు ఎంతసేపు కదిలితే అంత మాట రాయడం నా పని. ఈ పని మూలాన నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. వీధిలో వాళ్ళు నాతో అవసరానికి మించి మాట్లాడరు. మావక్క మాత్రం ఒకరోజు మావు పోసేసి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడింది. సంచిలోంచి పాలిథిన్ కవరులో చుట్టిన నల్లటి డబ్బా ఒకటి తీసింది. హార్డ్ డిస్కు.

"వీడియో కోసేది నేర్పిస్తావా?"

"నాకు రాదక్కా. నేను మాటలు రాస్తానంతే."

"రాకపోతే పర్లే. నెట్టులో అంతా నేర్పిస్తారంట కదా. నువ్వు పెట్టి ఇస్తే నేను చూసి నేర్చుకుంటా."

ఏం వీడియో అని అడిగాను. పెళ్ళిదంది. ఎవరిదో తనకూ తెలియదంది. నేను మొహం చిట్లించాను. అప్పుడు కూర్చుని చెప్పింది.

వాళ్ళాయన జార్జి టౌన్‌లో ఒక వీడియో స్టూడియోలో లైట్‌మాన్. టేపుల కాలం నాటి మాట, ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. సౌకార్‌పేటలో సేట్ల పెళ్ళిళ్ళు జరుగుతుంటే కెమెరామాన్ పక్కన నిలబడి, పెద్ద దీపాన్ని చేత్తో పైకెత్తి పట్టుకునేవాడు. వందల పెళ్ళిళ్ళలో అందరి ముఖాల మీదా ఆయన పట్టిన వెలుగే. ఆయన ముఖం ఒక్కదాంట్లోనూ లేదు. ఇంట్లో ఉన్న ఫోటోలేమో వరద వచ్చిన ఏడు ట్రంకుపెట్టెతో సహా మునిగి ఒకదానికొకటి అంటుకుపోయాయి. పెళ్ళి ఫోటో విడదీస్తే ఆమె ముఖం వచ్చింది, ఆయన ముఖం ఉన్నచోట నీలంమరక మిగిలింది. ఓటరు కార్డు మీద ఒక బొమ్మ ఉంది గానీ, "దాంట్లో ఉండేది ఆయన కాదు, పోలీసుల్ని చూసి భయపడిండే ఇంగెవరో" అంది.

స్టూడియో ఓనరు చనిపోయాక కొడుకు కొట్టు ఖాళీ చేస్తున్నాడని తెలిసి ఈమె వెళ్ళింది. మా ఇంటాయన యాడన్నా ఉండాడా నాయనా అని అడిగింది. లైటు పట్టేవాడు వీడియోలో ఎట్లా ఉంటాడు ఆంటీ అన్నాడట ఆ అబ్బాయి. అలా అన్నా మనిషి మంచివాడే, మూటలో మిగిలిన కత్తిరించని టేపులన్నీ ఈ డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు.

"దాంట్లో యాడో ఒకచోట ఉంటాడు అమ్మణ్ణీ. అంత పని చేసినాడు, ఒక్క తూరన్నా తప్పి పడకుండా ఉంటాడా. గొంతు గుర్తుండాది, చెయ్యి గుర్తుండాది. మొగం మాత్రం మర్చిపోతా ఉండా. పొద్దున లేస్తే నిన్నటి మాత్రం కూడా లేదు. అంతా పోయేలోపల ఒక్క తూరి చూడాల."

లోపలికి రమ్మన్నాను.

అలా రోజూ మధ్యాహ్నం, పొద్దుటి మావు అమ్మేసి సాయంత్రానికి గ్రైండరు వేసే లోపల, మా హాల్లో ఆమె బడి మొదలైంది. ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాను. ఉచితంగా దొరికే పాఠాలు ఎన్నో ఉన్నాయి, వెతికి పెట్టాను. ఆ పాఠాలు చెప్పేవాళ్ళెవరికీ ఇలాంటి శిష్యురాలు దొరికి ఉండదు. తెర మీద మనిషి రాగానే ఆమె పైట సర్దుకుని, చాచిన కాళ్ళు ముడుచుకుని, "రాండి నాయనా, కూర్చోండి" అనేది. వాళ్ళకు వినపడదు అక్కా అంటే, "వినపడకపోతే ఏమి, ఇంటికొచ్చినోళ్ళని పలకరించకుండా ఉంటామా" అనేది. వాళ్ళు రాలేదక్కా, మనమే వాళ్ళ దగ్గరికి వెళ్ళాం అని నేను వాదించాను. ఆ తర్వాత కూడా పలకరింపు మానలేదు.

మధ్యలో వచ్చే సబ్బు ప్రకటనల్ని దాటెయ్యనిచ్చేది కాదు. "పావం, వాళ్ళు చెప్పుకోనీ." పాఠం సాగుతోంది కదా అని వేగం పెంచితే నా చెయ్యి పట్టుకునేది. "ఆయన నిదానంగా చెప్తా ఉంటే మనం యాల తరుముకోవాల?" కోయంబత్తూరు వైపు కుర్రాడొకడు ప్రతి పాఠంలోనూ రెండేసి సార్లు లైక్ కొట్టమని బతిమాలేవాడు. వాడు అడిగినప్పుడల్లా ఈమె బొటనవేలి గుర్తు నొక్కేది. రెండోసారి నొక్కితే మొదటిది రద్దవుతుందని నేను కనిపెట్టేసరికి చాలా పాఠాలు అయిపోయాయి. నేను పడీ పడీ నవ్వాను. ఆమె మాత్రం వాడి నోటికాడి కూడు లాగేసినట్టు బాధపడి, మొదట్నుంచీ అన్నీ మళ్ళీ నొక్కించింది.

ఆమె వేళ్ళు ఎప్పుడూ కాస్త తడిగా ఉండేవి. లాప్‌టాప్ ఆ వేళ్ళకు పలికేది కాదు. పైటకు తుడుచుకుని, నోటితో ఊది, మళ్ళీ పెట్టేది. బాణం గుర్తు కదిలితే, "వొచ్చినావా" అనేది దాన్ని.

అందరిలోకీ ఆమెకు నచ్చినవాడు గడ్డం సార్. ఎక్కడో విదేశంలో ముసలాయన. జీవితమంతా సినిమాలు కత్తిరించి, ఇప్పుడు ఇంట్లో కూర్చుని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పాఠాలు చెబుతున్నాడు. తెల్లటి గడ్డం, పక్కన టీ కప్పు, కాళ్ళ దగ్గర ఒక ముసలి కుక్క. ఆయన ఇంగ్లీషు ఆమెకు ఒక్క ముక్క తెలియదు. నేను ఆపి ఆపి తెలుగులో చెప్పేదాన్ని. ఆయన "అర్థమైందా?" అని అడిగితే, "ఇంగొక తూరి చెప్పండి సామీ" అనేది. నేను వెనక్కి తిప్పేదాన్ని.

"టీ చల్లారిపోతా ఉండాది. తాగమని చెప్పు."

"ఆయన అది తాగేసి ఎన్నాళ్ళయిందో అక్కా."

"కింద రాసే చోటు ఉండాది కదా. రాయి. కుక్క బాగుండాదా అని కూడా అడుగు."

రాశాను. ప్రపంచంలోని ఎడిటర్లందరూ గట్టి గట్టి సందేహాలు అడుగుతున్న చోట, టీ గురించీ కుక్క గురించీ నా పేరు మీద ఉత్తరాలు పడ్డాయి.

మొదట్లో ఆమెకు కత్తెర గుర్తంటే భయం. కోస్తే పోతుందేమోనని చెయ్యి వెనక్కి తీసేది. గడ్డం సార్ దానికో పాఠం చెప్పాడు. ఇక్కడ కోసినది ఎక్కడికీ పోదు, ముక్క అంచు పట్టుకుని లాగితే కోసేసినదంతా మళ్ళీ బయటికి వస్తుంది అని, లాగి చూపించాడు. మావక్క కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "కోసినా పోదా?" అని నన్ను అడిగింది. పోదన్నాను. "బట్ట ఇట్ల ఉండుంటే టైలర్లంతా బాగుపడుందురు" అని అప్పట్నుంచి ధైర్యంగా కోయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి పాఠంలోనే అసలు సంగతి జరిగింది. ముందు చెత్త తీసేయండి అన్నాడు గడ్డం సార్. కెమెరా ఊగిపోయినవి, నేలకేసి తిరిగినవి, మొదలుపెట్టకముందు మాట్లాడుకున్నవి, అన్నీ చెత్త. నేను తెలుగులో చెప్పేసి కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే పెళ్ళి లేదు. ఊరేగింపు లేదు, దండలు లేవు, పెళ్ళికొడుకు గుర్రం లేదు. మిగిలినవన్నీ ఊగిసలాటలే.

"అక్కా, పెళ్ళేదీ?"

"తీసేస్తి."

"పెళ్ళి తీసేస్తే ఇంకేముంటుంది?"

"మా ఇంటాయన పని ఉండాది. చూడు."

చూశాను. తివాచీ మీద పాములా కదిలే వైరు. గోడ మీద గుండ్రంగా వెలుగు పడి, కిందికి దిగి, మళ్ళీ పైకి జరగడం. చీరల వరస మీద చెయ్యెత్తిన ఒక నీడ. "సామీ, కొంచెం ఇట్ల జరగండి" అని ఎవరినో బతిమాలే ఒక బొంగురు గొంతు. ఆ గొంతు వచ్చినప్పుడల్లా ఆమె నా మోచెయ్యి పట్టుకునేది. వెలుగు కళ్ళలో పడి కళ్ళు చికిలించే బంధువుల ముఖాలు మాత్రం ఉంచింది. అవెందుకక్కా అంటే, "అందురూ ఆయన్నే చూస్తా ఉండారు కదా" అంది. పెళ్ళి వీడియో చూసి నేను కళ్ళు తుడుచుకోవడం అదే మొదటిసారి.

ఒక్కటి మాత్రం ఆమె ఉంచేది కాదు. చీకటి. లైటు ఆరీ ఆరగానే టక్కున కోసేది. కెమెరా ఇంకా తిరుగుతున్నా సరే, ఆ నల్లటిదంతా తీసి పారేసేది. "లైటు ఆపేసినాడంటే ఆడ ఆయన పని అయిపొయింది. ఇంగేముండాది చూసేదానికి?"

ఆ మాట మీదే ఇంకోటి చెప్పింది. లైటు ఆపగానే ఆయన కళ్ళు మూసుకుని నిలబడిపోయేవాడట. అంత వెలుగు పక్కన ఉండి ఉండి, చీకటి అలవాటయ్యేదాకా అడుగు వేయలేడు. ఆ అలవాటు ఇంట్లో కూడా ఉండేదట. పడుకోబోతూ బల్బు ఆపి కూడా అక్కడే నిలబడేవాడు. "వాన కోసరం చూస్తా ఉండావా అని ఎక్కిరించేదాన్ని" అంటూ లేచి చేసి చూపించింది. మా హాలు మధ్యలో, గడ్డం కాస్త పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఎడమచెయ్యి బరువుగా కిందికి వదిలేసి నిలబడింది. నవ్వించడానికి చేసింది. చాలాసేపు కళ్ళు తెరవలేదు.

ఆ ఎడమ భుజానికి ప్రతి పెళ్ళి తర్వాతా నువ్వులనూనె రాసేదట. "అరచేతికి ఆ భుజం తెలుసు. కంటికే మొగం తెలియల" అంది కూర్చుంటూ.

వానలు మొదలయ్యే ముందు ఆయన దొరికాడు. దొరికాడనే అనాలి. ఏదో పెళ్ళిలో పెళ్ళికూతురిని ముస్తాబు చేసే గది. గోడకు నిలువెత్తు అద్దం. కెమెరా పక్కకు తిరిగినప్పుడు ఆ అద్దంలో చెప్పులు, ముడతల ప్యాంటు, గళ్ళ చొక్కా, ఎత్తిన ఎడమచెయ్యి కనిపించాయి. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు ముద్ద. దీపం సరిగ్గా ముఖానికి అడ్డం పడింది.

మావక్క ఆ గళ్ళ చొక్కాను తానే కొన్నదని చెప్పింది. తర్వాత ఆ తెల్లటి ముద్ద మీద వేలు పెట్టి, "దీనెనక ఉండాడు. ఈ వెలుతురు కొంచెం తగ్గిస్తే వొస్తాడు" అంది.

వెలుతురు తగ్గించే పాఠాలన్నీ చూశాం. ఇద్దరం తిప్పగలిగినవన్నీ తిప్పాం. తెలుపు కాస్తా బూడిదరంగైంది, ముఖం రాలేదు. ఆమె నా వైపు తిరిగి, "గడ్డం సార్‌ని అడుగు. ఆయనకు తెలిసుంటాది" అంది. అడిగాను. లైటు పట్టుకున్న మనిషి ముఖం ఆ లైటు వెనకే ఉండిపోయింది, ఎలా బయటికి తీయాలి, ఆయన భార్య చూడాలనుకుంటోంది అని రాశాను. చివర్లో ఆమె చెప్పినట్టే, కుక్క ఎలా ఉంది అని కూడా.

ఆ తర్వాత ఆమె పాఠాలు చూడటం తగ్గించింది. మావు పోస్తూనే, "గడ్డం సార్ ఏమన్నా రాసినాడా?" అనేది. లేదక్కా అంటే, "పనుంటాది ఆయనకు. పెద్దాయన" అని వెళ్ళిపోయేది. అలా అడిగి అడిగి ఒకరోజు జ్వరమని రాలేదు. ఆస్పత్రికి వెళ్ళి చూశాను. నన్ను చూసి పెదాలు కదిపింది. మాట బయటికి రాలేదు గానీ ఏం అడుగుతోందో నాకు తెలుసు. పెదవులు చదవడం నా వృత్తి. లేదన్నట్టు తల ఊపాను. కళ్ళతోనే సరి అంది. ఆ వారంలోనే పోయింది.

ఇంటికి తెచ్చినప్పుడు నేను ఆమె ముఖాన్ని దగ్గరగా కూర్చుని చూశాను. నుదుటి మీద చిన్న మచ్చ, ఎడమ చెవి దగ్గర నెరిసిన జుట్టు, అన్నీ. మర్చిపోకూడదని చూశాను. అప్పుడే కొన్ని జారిపోతున్నాయి. ఇప్పుడు వీధికి ప్యాకెట్టు మావు వస్తోంది. నేను ఇడ్లీ వేయడం మానేశాను. డిస్కు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. "మా ఇంట్లో అంతా తడి, ఈడే ఉండనీ" అని ఆమె మొదట్లోనే అంది.

ఇక గడ్డం సార్ రాసినది. ఆలస్యానికి క్షమించమన్నాడు, ఒంట్లో బాగా లేక ఇన్నాళ్ళూ చూడలేదట. కుక్క బాగానే ఉంది, అడిగినందుకు సంతోషం అన్నాడు. వెలుగులో కాలిపోయిన చోట ఏమీ మిగలదు, అక్కడ వెతక్కండి అన్నాడు. చీకట్లో మాత్రం చాలాసార్లు మిగిలి ఉంటుందట. ఆయన లైటు ఆపిన తర్వాత కెమెరా ఇంకా కాసేపు తిరిగిందేమో చూడండి, తిరిగి ఉంటే ఆ నలుపును కొంచెం కొంచెంగా పైకి తీయండి, తొందరపడకండి అని రాశాడు. చివర్లో, ఆ భార్యకు నా నమస్కారాలు చెప్పండి అని ఉంది.

చెయ్యి కడుక్కుని డిస్కు తీశాను. దుమ్ము పట్టింది. ఆమె చేసుకున్నదానికి నాచేత పెట్టించిన పేరు అలాగే ఉంది: మా ఇంటాయన పని. అద్దం ముక్క దగ్గరికి వెళ్ళాను. లైటు ఆరిన చోట టక్కున కోసేసి ఉంది. ఆ అంచు పట్టుకుని లాగాను. కోసినది పోలేదు. నల్లగా, పొడుగ్గా బయటికి వచ్చింది.

తొందరపడకుండా పైకి తీశాను. ముందు రవ్వ పోసినట్టు చుక్కలు. తర్వాత ఎక్కడిదో కిటికీ వెలుతురు, అద్దం చట్రం. ఆ చట్రంలో మావక్క నిలబడి ఉంది. గడ్డం కాస్త పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఎడమచెయ్యి బరువుగా కిందికి వదిలేసి, మా హాల్లో నిలబడ్డట్టే నిలబడి ఉంది. ఇంకొంచెం తీశాక గళ్ళ చొక్కా కనిపించింది. సన్నటి మీసం, నుదుటి మీద చెమట, కొద్దిగా తెరుచుకున్న నోరు. భయపడిన మనిషి కాదు. అలిసిపోయిన, నెమ్మదైన మనిషి. ఒక్క తూరి చూడాలని ఆమె అంతగా వెతికిన ముఖం, ఆమె తానే కోసి పక్కన పెట్టిన చీకట్లో ఇన్నాళ్ళూ ఉంది. ఇప్పుడు దాన్ని చూస్తున్నది నేను. నాకెందుకు ఈ ముఖం? నేనేం చేసుకోను?

చీకటి అలవాటైనట్టుంది. ఆయన కళ్ళు తెరిచాడు. అద్దంలోంచి తిన్నగా నా వైపు, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు చూశాడు. నేను పైట సర్దుకున్నాను. చాచిన కాళ్ళు ముడుచుకున్నాను.

"రండన్నా, కూర్చోండి. అక్క మావు పోయడానికి వెళ్ళింది. వచ్చేస్తుంది" అన్నాను.